బ్లాకు వ్యాప్తి (బిట్‌కాయిన్)

బిట్‌కాయిన్ నెట్‌వర్కులో కొత్త బ్లాకు ఒక నోడు (నెట్‌వర్కులోని కంప్యూటరు) నుంచి మరో నోడుకు చేరే ప్రక్రియ. సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు పుడుతుంది. అది అందరికీ అందేలోగా మరో మైనరు పోటీ బ్లాకును కనుగొంటే గొలుసు రెండుగా చీలి, ఒకరి కరెంటు ఖర్చంతా వృథా అవుతుంది. ఈ ఆలస్యం నెమ్మది కనెక్షన్‌తో నెట్టుకొచ్చే చిన్న మైనర్లనే ఎక్కువగా దెబ్బతీస్తుంది కాబట్టి, దీన్ని న్యాయానికి సంబంధించిన సమస్యగానూ చూడాలి.

2013లో జూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు డెకర్, వాటెన్‌హోఫర్ కొలిచినప్పుడు సగం నోడ్లకు బ్లాకు చేరడానికి 6.5 సెకన్లు పట్టింది. 40 సెకన్ల తర్వాత కూడా 5 శాతం నోడ్లకు అందలేదు. అప్పట్లో ప్రతి నోడూ బ్లాకును పూర్తిగా దించుకొని, సరిచూశాకే పక్క నోడుకు పంపడం ఇందుకు ముఖ్య కారణం.

ఈ ఆలస్యాన్ని తగ్గించేందుకు మాట్ కొరాలో రూపొందించిన కాంపాక్ట్ బ్లాకు పద్ధతి 2016లో బిట్‌కాయిన్ కోర్ 0.13.0తో వచ్చింది. బ్లాకులోని చాలా లావాదేవీలు నోడ్ల మెంపూల్‌లో (ఇంకా బ్లాకులో చేరని లావాదేవీలు వేచి ఉండే చోటు) ముందే ఉంటాయి. అందుకే బ్లాకు శీర్షికనూ (హెడర్), ఒక్కో లావాదేవీకి 6 బైట్ల గుర్తునూ మాత్రమే పంపుతారు. అందుకున్న నోడు తన దగ్గర లేనివాటినే అడుగుతుంది. లావాదేవీల సంతకాల తనిఖీ ఫలితాలను దాచి ఉంచడం వల్ల ధ్రువీకరణ కూడా త్వరగా ముగుస్తుంది.

తనిఖీని వదిలేయడం మాత్రం ప్రమాదకరం. 2015 జులై 4న కొన్ని మైనింగ్ పూల్‌లు అలా చెల్లని బ్లాకు మీదే మైనింగ్ కొనసాగించాయి; ఆ 6 బ్లాకుల గొలుసు మొత్తం రద్దయింది.