గనులలో వయస్సు, యంత్రము

గనిలో పెళ్ల విరిగి మనుష్యుడు మరణించెనేని “వానికి నూఱేండ్లు నిండినవి” అని యూరకుండుట మనవారికి వాడుక. ఆ మాట దుఃఖమునకు ఊఱటయే కాని విచారణకు అడ్డు. ఏ వయస్సువానికి, ఏ పనిముట్టువలన, ఎట్టి యపాయము కలుగునో తెలిసికొన్నచో అందు చాల భాగము నివారింపదగినదే యని మా యభిప్రాయము.

ఈ చరిత్రలో మన సీమకు ముఖ్యస్థానము కలదు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో విజయనగర ప్రాంతముననే మొదలయ్యెను. కోడూరు పేర ‘కోడూరైటు’ అను శిలానామము భూగర్భశాస్త్రమున నిలిచినది. ఆరుబయటి గోతులలో పలుగుతో త్రవ్వుట, చేతితో ఏఱుట, తట్టల కెత్తుట, ఇదియే నాటి పని. ఇట్టి గోతులలో మెత్తని దరియే మృత్యువు. అడుగున తొలిచినచో పైభాగము తనంత కూలును. శ్రమ తగ్గును, ప్రాణము పోవును. కావుననే 1961 నాటి నిబంధనలు మెత్తని నేలను మెట్లుగా త్రవ్వునపుడు మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరు మించరాదనియు, వెడల్పు ఎత్తుకంటె తగ్గరాదనియు విధించెను.

ఇక వయస్సు మాట. అనుభవములేని పడుచువాడు తఱచుగా గాయపడును. వృద్ధుడు అరుదుగా గాయపడును గాని, తగిలిన దెబ్బ అంత త్వరగా మానదు. బాలురను గనులనుండి తప్పించుటకు మన శాసనములకు చాలకాలము పట్టినది. 1923 చట్టము 13 ఏండ్లలోపు వారిని నిషేధించెను. 1935లో ఆ హద్దు 15 ఏండ్లయ్యెను. శిక్షణార్థులు తప్ప 18 ఏండ్లు నిండనివారెవ్వరును పనిచేయరాదని 1983 సవరణ నిర్ణయించెను.

యంత్రము వచ్చినచో అపాయము తొలగునా? 1815లో డేవీ పండితుడు బొగ్గుగనులకు రక్షకదీపమును కల్పించెను. దాని నమ్మి యజమానులు అంతకుముందు విడిచిన మండెడు వాయువుగల యరలలోనికి కూలీలను దింపిరి, ప్రేలుడులు తగ్గలేదు. సుత్తితో ఱాతిని తొలుచునాడు ధూళి కొంచెము. గాలియంత్రము వచ్చినపిదప సన్నని ధూళి ఊపిరితిత్తుల నిండెను. నీరు చల్లుచు తొలుచు పద్ధతి తరువాత వచ్చినది. మాంగనీసు రాతిని పొడిచేయువారికి అవయవములు పట్టుదప్పుటను 1837లోనే గ్లాస్గోలో కూపరు వైద్యుడు వర్ణించెను. ఇట్టి ధూళిని యౌవనమున పీల్చినవాడు ముదిమిని దాని ఋణము తీర్చును.

మఱియొక విషయము. పైకప్పును కొట్టి, ఆ చప్పుడునుబట్టి దాని గట్టిదనమెఱుగుట వృద్ధుల విద్య. యంత్రఘోషలో ఆ చప్పుడు వినబడదు. నలువదేండ్లు పనిచేసిన వాడును క్రొత్త యంత్రము ముందు మొదటినాటి విద్యార్థియే. వాని తలనెరసినందున వానికి అన్నియు తెలియునని విడుచుట అన్యాయము. దెబ్బతగిలినపిదప ‘ముసలివాని యజాగ్రత్త’ యనుట అంతకంటె అన్యాయము. క్రొత్తవారికే కాక, పని మాఱినవారికిని శిక్షణ నీయవలెనని 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమములు చెప్పినది ఇందువలననే.

కావున చదువరులారా, గనిలో మరణవార్త విన్నప్పుడు జాతకము నడుగకుడు. వానికి ఆ యంత్రము నెవరు నేర్పిరి, ఎన్నినాళ్లు నేర్పిరి, దరిని మెట్లుగా త్రవ్విరా యని యడుగుడు. అడుగువారున్న చోటనే నియమములు బ్రదుకును.