సఫాత్ కట్టెల సంత నుంచి మన తోటలో మిషను రంపం దాకా

చలికాలం వచ్చి ఊరికి టికెట్లు తీసుకునే రోజులు మొదలయ్యాయంటే మన ఫోరం దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, తోటలో చెట్లు పడిపోయి ఉన్నాయి, కొట్టడానికి కూలోళ్లు దొరకడం లేదంట. చెట్టు కోసే మిషను ఒకటి కొనుక్కుపోదామనుకుంటున్నా, ఏది మంచిది?" అని. రాయచోటి వాళ్లయితే కంపచెట్ల గురించి, కోనసీమ వాళ్లయితే కొబ్బరి మొద్దుల గురించి అడుగుతారు. వఫ్రా, అబ్దలీ మజ్రాల్లో పనిచేసే తమ్ముళ్లకు ఖర్జూరం చెట్ల బాధ. ఈసారి పుస్తకంలో ఆ సంగతే రాద్దామని కూర్చున్నాం. రాస్తుంటే అది రంపం చరిత్రలోకి, మన వలసల చరిత్రలోకి కూడా పోయింది.

కట్టెపుల్ల విలువ మనకంటే ఈ దేశానికే బాగా తెలుసు. ఇప్పుడు మనం బస్సు దిగి డబ్బు పంపడానికి వెళ్లే సఫాత్ చౌరస్తా, నూనె రాకముందు ఎడారి బదూల సంత. వాళ్లు ఒంటెల మీద అర్ఫజ్ కంప మోపులు వేసుకొచ్చి అక్కడ అమ్మేవాళ్లు. ఇళ్లల్లో పొయ్యి మండింది దానితోనే. వసంతంలో పసుపు పచ్చగా పూసే ఆ అర్ఫజే ఇవాళ కువైట్ జాతీయ పుష్పం. పీకీ పీకీ, మేపీ మేపీ ఎడారిలో అది కరువైపోయింది. అందుకే ఇప్పుడు ఎడారి మొక్కలు నరకడం చట్టప్రకారం నేరం. చలికాలం క్యాంపుల్లో పనిచేసే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కఫీల్ కొడుకు "ఆ కంప కొట్టుకురా" అన్నా సరే, "కట్టెలు కొనుక్కొద్దాం బాబా" అని మెల్లగా చెప్పండి.

ఇక కలప అంటారా, ఈ నేలలో దుంగ అనేదే పుట్టదు. ఓడలకు టేకు మన దేశం నుంచే, మలబారు తీరం నుంచి వచ్చేది. ఇక్కడ దాన్ని సాజ్ అంటారు. ఇంటి పైకప్పులకు వేసే వాసాలు తూర్పు ఆఫ్రికా మడ అడవుల నుంచి వచ్చేవి. మన కోరంగిలో ఉన్నాయే, ఆ జాతి మడ చెట్లే. ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ 1938-39లో కువైట్ ఓడలో ప్రయాణం చేసి, రూఫిజీ డెల్టాలో ఆ వాసాలు ఎక్కించుకోవడం కళ్లారా చూసి పుస్తకం రాశాడు. వాసం పొడవు ఎంతో గది వెడల్పూ అంతే, అందుకే పాత కువైట్ ఇళ్లల్లో గదులు ఇరుకుగా ఉంటాయి.

ఆ టేకు మానుల్ని కోసి పలకలు చేసింది మనిషి చేతులే. ఓడలు కట్టే వడ్రంగులను ఇక్కడ గల్లాఫ్ అంటారు. కాగితం మీద గీత గీయకుండా, చేతి రంపంతో, బాడిసతో అంతంత ఓడలు కట్టారు. నమ్మకం లేకపోతే సెలవు రోజున సాల్మియా సైంటిఫిక్ సెంటర్ దగ్గరికి వెళ్లి బయట నిలబెట్టిన ఫతహ్ అల్ ఖైర్ చూడండి. 1938 నాటిది. పలకల మీద చెయ్యి వేసినప్పుడు మాలో వడ్రం తెలిసిన ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

కలప పనికి దేశాలు దాటి పోవడం మన తెలుగువాళ్లకూ కొత్త కాదు. గల్ఫ్‌కు ముందు మన తాతల గల్ఫ్ రంగూన్. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వేలమంది పడవెక్కి పోయి అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో, బర్మా టేకు కోసే సామిల్లుల్లో కూలి చేశారు. అక్కడివాళ్లు మనల్ని కోరంగీలు అని పిలిచేవాళ్లు. 1930లో రేవు కూలీల మధ్య మొదలైన గొడవల్లో మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాను వాళ్లు వచ్చినప్పుడు మిగిలినవాళ్లు అడవిదారుల్లో నడిచి వచ్చారు. వాళ్ల చేతుల్లో ఉన్నది ఇద్దరు చెరో వైపు లాగే రంపమో, మిల్లులో గిరగిరా తిరిగే చక్రమో. చేతపట్టుకునే మిషను వాళ్లు చూడలేదు.

ఆ మిషను పుట్టుక వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1780ల్లో స్కాట్లాండులో ఇద్దరు డాక్టర్లు, కష్టమైన కాన్పుల్లో ఎముక కోయడానికి పళ్లున్న చిన్న గొలుసు రంపం వాడారు. చెట్టు దాకా రావడానికి దానికి నూటయాభై ఏళ్లు పట్టింది. 1926లో ఆండ్రియాస్ స్టీల్ అనే జర్మనీ ఆయన కరెంటుతో నడిచే రంపం చేశాడు. దాని బరువు 64 కిలోలు, ఇద్దరు మోయాలి. మూడేళ్లకు పెట్రోలుది చేశాడు, అదీ 46 కిలోలు. అంతకు ముందే, 1927లో, డోల్మార్ కంపెనీ పెట్రోలు రంపం దించింది. ఒక్క మనిషి పట్టుకునే రంపాలు బాగా దిగింది 1950 తర్వాతే.

అసలు మలుపు ఇంజనులో రాలేదు, గొలుసులో వచ్చింది. అప్పటి గొలుసు పళ్లు మామూలు రంపం పళ్లలాగే ఉండి ఊరికే మొద్దుబారేవి. 1946లో అమెరికా ఒరెగాన్ అడవిలో జో కాక్స్ అనే కట్టెలు కొట్టే అతను, ఒక మొద్దులో పురుగు అటూ ఇటూ నమిలి దారి చేసుకుంటూ పోవడం చూశాడు. ఆ దవడల లెక్కన కుడికొకటి ఎడమకొకటి పళ్లు పెట్టి గొలుసు చేశాడు. ఇవాళ మీరు ఏ కంపెనీ మిషను కొన్నా దాని మీద తిరిగేది ఆ పురుగు పళ్ల గొలుసే. పనివాడి కంటిచూపు ఇంజనీరు లెక్కకు తక్కువేం కాదని మేము దీన్ని ఎవరికి చెప్పినా సంబరంగా చెబుతాం.

తర్వాతి చరిత్రంతా గాయాల చరిత్ర. రోజంతా అదురుడుకు అడవి కూలీల వేళ్లు తెల్లబడి స్పర్శ పోయేవి. అందుకే 1960ల్లో పిడులకు అదురు తగ్గించే రబ్బర్లు వచ్చాయి. కత్తి పట్టీ కొసన పైభాగం దుంగకు తగిలితే మిషను ఒక్క క్షణంలో మొహం మీదికి ఎగురుతుంది. అది ఎగిరినప్పుడు చెయ్యి తగిలి గొలుసు ఆగిపోయేలా ముందు బ్రేకు పెట్టింది 1970ల మొదట్లో. కొనేటప్పుడు రంగు, హార్స్‌పవరు తర్వాత చూడండి, ముందు ఆ బ్రేకు చూడండి. ముందుకు నెడితే టక్కుమని పడాలి, వెనక్కి లాగితే వదలాలి. వెనక పిడి మీద బొటనవేలి చోట నొక్కితే తప్ప యాక్సిలేటరు కదలకూడదు. గొలుసు తెగితే పట్టుకునే చిన్న కొక్కెం కింద ఉండాలి.

మనవాడొకడు రెండేళ్ల క్రితం పాత సామాన్ల సంతలో 12 దినార్లకు ఒక రంపం బేరమాడి కార్గోలో ఇంటికి పంపాడు. చూడ్డానికి పెద్ద కంపెనీదే. ఇంటికెళ్లాక తెలిసింది, పైన స్టిక్కరు ఒక్కటే ఆ కంపెనీది, బ్రేకు పిడి ఉత్త ప్లాస్టిక్కు. మూడోరోజు తుమ్మ మొద్దు కోస్తుంటే ఎగిరింది. ఎడమ చేతి రెండు వేళ్లు పనికి రాకుండా పోయాయి. ఇక్కడ అతను డ్రైవరు. సెలవు అయిపోయింది, అకామా గడువు దగ్గర పడింది, కట్టుతోనే విమానం ఎక్కాడు. ఆ 12 దినార్ల లెక్క మేమంతా కూర్చుని వేశాం, తేలలేదు.

ఇప్పుడు అసలు జవాబు. ఏడాదికి నాలుగైదు రోజులు కొమ్మలు, పొయ్యి కట్టెలు, పడిపోయిన చెట్టు కోసుకోవడానికి 35 నుంచి 45 సీసీ మిషను, 14 లేక 16 అంగుళాల పట్టీ చాలు. పెద్దది కొంటే గొప్ప కాదు, బరువు. సామిల్లులో పనిచేసేవాడికి కావలసింది మనకెందుకు? ఇంటి చుట్టూ, ప్లగ్గు అందే చోట పని అయితే కరెంటు రంపమే మేలు, పెట్రోలు గొడవే ఉండదు. స్టీల్, హస్క్‌వర్నా లాంటివి ధర ఎక్కువ, కానీ నమ్మదగినవి. ఏది కొన్నా మీ జిల్లా టౌన్లో దాని గొలుసు, ఫిల్టరు, స్టార్టరు తాడు దొరుకుతాయా అని ముందు ఫోను చేసి కనుక్కోండి. మా మాట అడిగితే ఇక్కడ కొనకండి, ఊరికెళ్లి అక్కడే కొనండి. ఇక్కడి గ్యారంటీ కాగితం అక్కడ చెల్లకపోవచ్చు. ఒకసారి పెట్రోలు పోసిన మిషనును విమానంలో ఎక్కించనివ్వరు, పెద్ద లిథియం బ్యాటరీలనూ అంతే.

ఇలాంటి మిషన్లు చెడేది ఎక్కువ వాడి కాదు, వాడకుండా పెట్టి. మనం ఊళ్లో ఉండేది రెండు నెలలు, అది మూల పడుండేది రెండేళ్లు. కలిపిన పెట్రోలు లోపల ఎండి కార్బొరేటరు జిగురు పడుతుంది. బయల్దేరే ముందు ట్యాంకు వంచేసి, మిగిలింది అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. లీటరు పెట్రోలుకు టూ స్ట్రోక్ ఆయిలు ఎంతో దాని పుస్తకంలోనే ఉంటుంది. చాలావాటికి 20 మిల్లీలీటర్లు, కొన్నింటికి 40. గొలుసు ఆయిలు ట్యాంకు వేరే, అది మరవద్దు. కోస్తుంటే చెక్క పేలికలు రావాలి, పొడి రాలుతోందంటే పళ్లు మొద్దుబారినట్టు. గుండ్రటి ఆకురాయి రెండు మూడు తోపులు చాలు.

ఖర్జూరం, కొబ్బరి సంగతి వేరు. వాటి మాను పీచు, గొలుసు చుట్టూ చుట్టుకుంటుంది, అందులో ఇసుక చేరితే పళ్లు గంటలో పోతాయి. మట్టలకు చేతి రంపమో వంపు కత్తో చాలు, మిషను మానుకే. నిచ్చెన మీద, చెట్టు మీద మిషను నడపమంటే మజ్రాలో ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో తోటలు తోటలే పడుకున్నప్పుడు గొడ్డళ్లతోనే వారాల తరబడి మొద్దులు కొట్టినవాళ్లు మాలో ఉన్నారు. ఆ తర్వాతే వాళ్లు గల్ఫ్ దారి పట్టారు. 2014లో హుద్‌హుద్‌కు విశాఖలో రోడ్ల మీద చెట్లు తీసేటప్పుడు ఈ మిషను రంపాల మోత టీవీలో విని, ఆనాడు ఒక్కటుంటే ఎంత బాగుండేదో అనుకున్నారు.

ఇంకొక్కటి. మీ పొలంలో చెట్టయినా 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కొట్టే ముందు మండలాఫీసులో అడగండి. కడప, అన్నమయ్య జిల్లాల వాళ్లకు మరీ ముఖ్యం, ఎర్రచందనం సొంత పట్టాలో మొలిచినా అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోరాదు. డబ్బాశతో అడవిలోకి రమ్మనేవాళ్లు సెలవుకొచ్చిన గల్ఫ్ కుర్రాళ్లనే ముందు వెతుక్కుంటారు.

వేళ్లు పోయిన తమ్ముడు ఈ వ్యాసం రాస్తున్నప్పుడు పక్కనే ఉన్నాడు. పోయిన సెలవులో కొత్త రంపం కొన్నాడట, కళ్లద్దాలు, మందపాటి బూట్లు, చెవులకు మూతలు కూడా. ఊళ్లో ఎవరు అరువు అడిగినా అవన్నీ వేసుకుంటేనే ఇమ్మని భార్యకు చెప్పి వచ్చాడు. చాలామంది బూట్లు చూసి నవ్వి, గొడ్డలి తీసుకుని పోతున్నారట.