ఖండేరావు ద్రోహి, పూర్ణయ్య స్వామిభక్తుడా?

కోలారు పట్టణంలో హైదరాలీ తండ్రి ఫతే మహమ్మదు సమాధి ఉంది. 1782 డిసెంబరులో అక్కడికి గట్టి కాపలాతో ఒక పెద్ద పెట్టె వచ్చింది. దారిలో చూసినవారు సర్కారు ధనమని అనుకోవాలనే దాన్ని ఆ విధంగా పంపారు. అందులో ఉన్నది హైదరాలీ శవం. ఆయన డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు. ఆ వార్త పొక్కకుండా చూసిన వారిలో ముఖ్యులు సేనానులు కారు. లెక్కలూ ఖజానా చూసే పూర్ణయ్య, కృష్ణారావు అనే ఇద్దరు ఉద్యోగులు.

మన జిల్లాలోని బూదికోటలో పుట్టి, సైన్యబలంతో రాజ్యం చేజిక్కించుకున్న వ్యక్తి హైదరు. అలాంటివాని వంశాన్ని కత్తి పట్టనివారు ఎందుకు కాపాడారు? అంతకు ఇరవై రెండేళ్ళ ముందు అదే పనిలో ఉన్న ఖండేరావు ఎందుకు ఎదురు తిరిగాడు? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడాలని నా ఉద్దేశం.

ఆనాడు మైసూరు రాజు ఇమ్మడి కృష్ణరాజ ఒడెయరు. అధికారమంతా దళవాయి దేవరాజయ్యది, ఆయన తమ్ముడు నంజరాజయ్యది. తిరుచిరాపల్లి కోసం నంజరాజయ్య సాగించిన యుద్ధం ఖజానాను ఊడ్చేసింది. మిగిలినదాన్ని 1755లో నిజాము సేనలు, 1757లో మరాఠాలు కప్పం పేరుతో పట్టుకుపోయారు. 1758లో జీతాలు అందని సిపాయిలు శ్రీరంగపట్టణంలో నంజరాజయ్య ఇంటి ముందు ధర్నా కూర్చున్నారు. లోపలికి తిండీ నీళ్ళూ పోనివ్వలేదు. అప్పుడు హైదరు వచ్చి, తన లెక్కల ఉద్యోగి ఖండేరావు చేత బకాయిల పట్టీలు తనిఖీ చేయించి, సర్కారు సొత్తు పంచి బాకీ తీర్చాడు. తీర్చిన తరువాత ధర్నా నాయకుల ఆస్తులు లాక్కున్నాడు.

లెడ్జర్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు ఈ ఘట్టం మీదే చూపు ఆగుతుంది. సిపాయికి జీతం ఎవరి చేతి మీదుగా వస్తే సిపాయి వారివాడవుతాడు. ఆపైన సైన్యం ఖర్చుల కింద ఒక్కొక్క సీమే హైదరు పరమైంది. 1759లో నంజరాజయ్యను తప్పించారు, ఖండేరావు ప్రధాని అయ్యాడు. చూస్తూండగానే రాజ్యంలో సగానికి పైగా హైదరు చేతిలోకి పోయింది.

ఇక్కడే ఖండేరావు రాజు పక్షం, రాజమాత పక్షం చేరాడు. 1760 ఆగస్టులో శ్రీరంగపట్టణం కోట ఫిరంగులు హైదరు బస మీదికి తిరిగాయి. ఆయన భార్యాబిడ్డలను వదిలి, రాత్రికి రాత్రి కావేరి దాటి బెంగుళూరు చేరుకున్నాడు. మరుసటి ఏడు తిరిగి వచ్చి గెలిచాడు. రాజుకు 3 లక్షల వరహాల సీమ, నంజరాజయ్యకు లక్ష వరహాల సీమ విడిచి, మిగతా రాజ్యమంతా తాను తీసుకున్నాడు. ఒడెయరును సింహాసనం నుంచి దించలేదు. దసరాకు ప్రజలకు దర్శనం ఇప్పిస్తూనే వచ్చాడు. సిపాయి రాజ్యానికి కూడా పాత రాజముద్ర అవసరమైందన్నమాట.

ఖండేరావును ప్రాణాలతో వదలమని అంతఃపురం స్త్రీలు వేడుకుంటే, చిలకలా పెంచుతానని హైదరు మాట ఇచ్చాడట. ఇనుప పంజరంలో పెట్టి, పాలూ అన్నమూ పెట్టి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. బెంగుళూరులో ఆ పంజరాన్ని చూసిన తరువాత ఏ ఉద్యోగి నోరు మెదుపుతాడు?

హైదరుకు చదువు రాదు. కానీ మన తెలుగుతో సహా ఐదు భాషలు మాట్లాడేవాడు, విన్న లెక్క మరిచేవాడు కాదు. పన్నులు, జమాఖర్చులు చదువుకున్న ఉద్యోగులకే అప్పగించాడు. తప్పు దొరికితే కొరడా. 1779లో శ్రీరంగపట్టణం వెళ్ళిన క్రైస్తవ మతాచార్యుడు ష్వార్ట్జ్, పన్ను వసూలుదారుడూ గుర్రాలవాడూ కన్నకొడుకూ అన్న తేడా లేకుండా దెబ్బలు పడేవని రాశాడు. అటు సైన్యం జీతం కోసం ఉద్యోగి రైతును పిండాలి, ఇటు పిండిన సొమ్ములో మిగుల్చుకున్నాడన్న అనుమానం వస్తే తన వీపు అప్పగించాలి.

అవతలి పక్షంలో పద్ధతి వేరు. 1768లో ముళబాగిలు కోట ఇంగ్లీషువారి చేతికి పోయి, మళ్ళీ హైదరు వశమైంది. అక్టోబరు 4న కోట బయట బండల మధ్య పెద్ద పోరు జరిగింది. ఆ రోజుల్లో మద్రాసు కౌన్సిలు తన ప్రతినిధులను కోలారులో కూర్చోబెట్టి, సేనాని స్మిత్‌పై పెత్తనం చేయించింది. దండు నడిచే దారి కూడా వారినడిగే నిర్ణయం కావాలి. ఆ యుద్ధం మద్రాసు వాకిట్లో, 1769లో, హైదరు చెప్పిన షరతులతో ముగిసింది. సైన్యం మీద పౌరుల అదుపు ఉండాలన్నది మంచి నియమమే. అయితే అదుపు చేసేవారికి పని తెలియకపోతే ఏమవుతుందో మన కోలారు చూసింది.

మళ్ళీ 1782కు వద్దాం. టిప్పు దూరాన మలబారు తీరంలో ఉన్నాడు. మహమ్మదు అమీను అనే సేనాని చిన్నకొడుకు అబ్దుల్ కరీమును నిలబెట్టి రాజ్యం కాజేయాలని చూశాడు. కుట్ర బయటపడింది, కుట్రదారులు ఖైదయ్యారు. టిప్పు వచ్చేదాకా దండు చెదరలేదు. సైన్యంతో వచ్చిన రాజ్యానికి సైన్యంలోంచే ముప్పు వస్తే, లెక్కల ఉద్యోగులు అడ్డుకున్నారు. 1799లో టిప్పు పతనం తరువాత పూర్ణయ్య ఒడెయరు వంశపు బాలరాజుకు దివానై 1811 వరకు పని చేశాడు.

చరిత్ర పుస్తకాల్లో ఖండేరావుకు ద్రోహి అన్న పేరు, పూర్ణయ్యకు స్వామిభక్తుడన్న పేరు స్థిరపడ్డాయి. ఖండేరావు నిస్వార్థపరుడని నేననను. పెంచినవాడి మీదికే ఫిరంగి తిప్పినవాడు. కానీ ఆయన ప్రధాని అయింది రాజుకు, సేనానికి కాదు. ఏలే హక్కు ఉన్నదని తాను నమ్మిన గద్దెను సేనాని చేతిలో పడకుండా ఆపబోయాడు. పూర్ణయ్య చేసిందీ అదే. తేడా ఏమిటంటే ఒకరు ఓడిపోయారు, ఒకరు గెలిచారు. సైన్యం గద్దె ఎక్కిన చోట ఉద్యోగి ధర్మం ఏమిటో తేల్చేది గెలుపోటములే అవుతాయి. అటువంటి రాజ్యంలో నెలనెలా జీతాల పట్టీ ఎంత సక్రమంగా రాసినా, రాసే చెయ్యి వణుకుతూనే ఉంటుంది.