భూగర్భమునకు లెక్క కట్టిన ఆచార్యులు

భూమికి వసుంధర యని పేరు. ధనమును ధరించునది యని దాని యర్థము. గాదెలోని ధాన్యమును తలుపు తీసి కొలువవచ్చును. వేల అడుగుల లోతున, రాతి సూక్ష్మరంధ్రములలో నణగియున్న చమురును, వాయువును కొలుచుటెట్లు? ఈ ప్రశ్నకు జీవితము నంకితము చేసిన వారిలో డొనాల్డ్ కాట్జ్ మహాశయు లొకరు.

వీరు 1907లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున జన్మించిరి. మిషిగన్ విశ్వవిద్యాలయమున 1933లో డాక్టరు పట్టము నొంది, ఫిలిప్స్ చమురు కంపెనీలో మూడేండ్లు పనిచేసి, 1936లో అధ్యాపకులై అచ్చటికే తిరిగి వచ్చిరి. 1977 వరకు రసాయన ఇంజనీరింగు బోధించిరి.

1936లోనే వీరు చమురు, వాయు నిక్షేపములను అంచనా కట్టు విధానము నొకదానిని ప్రకటించిరి. దాని మూలము మన జమాఖర్చు లెక్కయే. పైకి తీసినదెంత, అందువలన లోపలి పీడనము తగ్గినదెంత యని సరిచూచినచో తొలినిల్వ తేలును. అయితే అధిక పీడనమున వాయువు సామాన్య సూత్రమునకు లోబడదు. ఆ వ్యత్యాసమును శిష్యులైన మార్షల్ స్టాండింగ్ గారితో కలసి 1942లో ఒక్క పటముపై గీచి చూపిరి. స్టాండింగ్–కాట్జ్ పటమును ఇంజనీర్లు నేటికిని వాడుచున్నారు.

మన పెద్దలు ధాన్యమును పాతర వేసినట్లు, వట్టిపోయిన వాయుక్షేత్రములలో వేసవియందు వాయువును నింపి చలికాలమున తీసికొనుట ఆ దేశమున కలదు. దానికి శాస్త్రీయమైన లెక్కలు సమకూర్చిన వారిలోను వీరు ముఖ్యులు.

ఇది మనకేల యందురా? మన కృష్ణా-గోదావరి తీరమునకు ఆవల, సముద్రమున, డి6 బ్లాకులో 2009లో వాయువు వెలువడెను. దానిపై ఆశతో మన రాష్ట్రమున విద్యుత్కేంద్రములు వెలసినవి. 2010 అనంతరము ఉత్పత్తి క్షీణించెను. పెక్కు కేంద్రములు వాయువు లేక పనిలేక నిలిచెను. ఆ బ్లాకులోని తొలి వాయుక్షేత్రములు 2020లో మూతపడెను. బావి త్రవ్విన నాటి అంచనా తుదిలెక్క కాదు. తీసినకొలది పీడనము చూచి, నిల్వను మరల మరల సరిచూచుకొనవలెను. కాట్జ్ గారి విధానము నేర్పున దిదియే.

అమెరికా ప్రభుత్వము వీరిని జాతీయ విజ్ఞాన పతకముతో గౌరవించినది. 1989లో వీరు కీర్తిశేషులైరి. పాఠక మహాశయులారా, కంటికి కనబడని నిధికైనను ఖర్చు తప్పక వ్రాసినవానికే నిల్వ తెలియును.