పాట నేర్చుకోవడం వేరు

మొన్న మా అమ్మాయి సంగీతంలో డిప్లొమా పరీక్ష ప్యాసయింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. నేను సేమ్యా పాయసం చేశాను. ఆ గిన్నె చేతిలో ఉండగానే, “అమ్మా, నేనింక ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టను. కచేరీలు చేస్తాను” అంది. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు అందుకున్నారు.

“పాట నేర్చుకోవడం వేరు, పాటతో బతకడం వేరే తల్లీ!”

ఆవిడ తేలిగ్గానే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు వీణ నేర్చుకున్నదాన్నే. పెళ్లిచూపుల్లో ఒక కీర్తన వాయించాను. పెళ్లి కుదిరింది. వీణ గలేబు తొడుక్కుని అటకెక్కింది. మీ ఇళ్లలో కూడా ఇలాంటి వీణో, హార్మోనియమో ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి.

మన చరిత్రలో ఆడవాళ్ల సంగీతం రెండు రకాల ఇళ్లలో పెరిగింది. ఒక ఇంట్లో అది ఆడపిల్లకి పెట్టే నగ. ఇంకో ఇంట్లో పొయ్యి మీది కుండ. ఆ రెండో ఇళ్లు దేవదాసీ కుటుంబాలవి. వాళ్ల పాటకి చెవులప్పగించిన పెద్దమనుషులే వాళ్లని సాటి మనుషులుగా చూడడానికి వెనకాడేవారు. మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ ప్రతి శుక్రవారం సాయంత్రం తన ఇంట్లో వాయిస్తుంటే మహావిద్వాంసులు ఊపిరి బిగబట్టి వినేవారట. అంతటి మనిషికీ చివరి రోజుల్లో డబ్బు ఇబ్బందులు తప్పలేదు. 1938లో కన్నుమూసింది.

బెంగుళూరు నాగరత్నమ్మ కథ ఇంకోలాంటిది. 1878లో నంజనగూడులో పుట్టింది. సంస్కృతం, కన్నడం, తెలుగు చదువుకుంది. మద్రాసు వచ్చి, కచేరీలు చేసి, బాగా సంపాదించింది. ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చు వేయించిందీ ఆవిడే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, తన సొమ్ముతో స్థలం కొని, 1921లో పని మొదలుపెట్టి, 1925 నాటికి గుడి కట్టి నిలబెట్టింది. మరి ఆ గుడి ముందు ఆరాధనలో పాడతానంటే? ఆడవాళ్లకి ఇక్కడ చోటు లేదన్నారు!

గుడి కట్టడానికి ఆడదాని డబ్బు పనికొచ్చింది, గొంతు పనికిరాలేదు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 1927 నుంచి ఆడవాళ్లను కూడగట్టుకుని వేరే ఆరాధన జరిపింది. 1940 ప్రాంతానికి వర్గాలన్నీ రాజీపడి ఒక్కటయ్యాయి. ఇవాళ తిరువయ్యారులో పంచరత్నాలు పాడే గోష్ఠిలో పట్టుచీరల వరస చూసినప్పుడల్లా నాకు నాగరత్నమ్మే గుర్తొస్తుంది.

ఇక మొదటి రకం ఇంట్లోంచి గడప దాటి వచ్చిన అమ్మాయి డి.కె. పట్టమ్మాళ్. కాంచీపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. 1932లో, పదమూడేళ్లప్పుడు మద్రాసులో సభ ఎక్కింది. మగవాళ్ల సొత్తనుకునే రాగం తానం పల్లవిని కచేరీలో పాడి చూపించింది. ఆ రోజుల్లో ఆడవాళ్లకి పక్కవాద్యం వాయించడం చిన్నతనమనుకున్న విద్వాంసులుండేవారు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటివాడు కూడా ఆ నియమాన్ని చాలాకాలం పాటించి, చివరికి పట్టమ్మాళ్ కోసమే సడలించుకున్నాడు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో పుడితే, ఆ అకాడమీ ‘సంగీత కళానిధి’ బిరుదు ఒక స్త్రీకి దక్కడానికి 1968 దాకా పట్టింది. ఆవిడ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. నలభై ఏళ్లు!

గౌరవం సంగతి అలా ఉంచండి, నెల గడవడం ఎలా? దీనికి జవాబు మన విజయనగరంలో దొరికింది. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వెళితే, ఆయన వయొలిన్ విని ఏకంగా ఉపాధ్యాయుడిగా వేసుకున్నారు. ఎంత వాయులీన సమ్రాట్టుకైనా వెనకాల ఒక పాఠం, ఒక జీతం ఉన్నాయన్నమాట. తర్వాత రేడియో వచ్చింది. 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యాక మన ఆడపిల్లలకి కొత్త దారి తెరుచుకుంది. వేదిక మీద వందమంది చూపులు పడకుండా, నాలుగు గోడల మధ్య మైకు ముందు పాడొచ్చు. పైగా పారితోషికం! భక్తిరంజనితో ఇంటింటికీ చుట్టమైపోయిన శ్రీరంగం గోపాలరత్నంగారు రేడియోలో పనిచేశారు, ఆ తర్వాత సంగీత కళాశాలకి ప్రిన్సిపాలయ్యారు. కచేరీ ఒక్కదాన్నే నమ్ముకుని ఒడ్డెక్కినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కిందటేడు ఒక ఉత్సవంలో గంటన్నర పాడింది. శాలువా కప్పారు, కొబ్బరికాయ, రెండు అరటిపళ్లు ఇచ్చారు. వయొలిన్ అమ్మాయికీ, మృదంగం అబ్బాయికీ డబ్బు మేమే ఇచ్చుకున్నాం. ఆటో కూడా మాదే. అది గుర్తుచేసి, “పాడు, వద్దనను. పొద్దున్నే నలుగురు పిల్లలకి పాఠం చెప్పు. రేడియో ఆడిషన్‌కి వెళ్లు. ఎవరైనా పిలిస్తే, ఎంతిస్తారని సిగ్గుపడకుండా అడుగు” అన్నాను.

“అడిగితే అసలు పిలవరేమోనే!” అన్నారు అత్తగారు.

“అడక్కపోతే శాలువాలకే పిలుస్తూ ఉంటారు నానమ్మా” అంది అది.

నాకు నవ్వొచ్చింది, కాస్త గర్వంగానూ అనిపించింది. పాతికేళ్ల కిందట ఈ మాట అనే ధైర్యం నాకు లేదు. పాపం, నన్నెవరూ ఆపలేదు కూడా! నేనే ఆగిపోయాను.

నిన్న అటక మీంచి వీణ దింపించాను. తీగలు తుప్పు పట్టాయి, మెట్లు కదిలిపోయాయి. బాగుచేసే ఆయన చెప్పిన మొత్తం వింటే గుండె గుభేలుమంది. ఈ వయసులో ఎందుకొచ్చిన ఖర్చని మళ్లీ గలేబు తొడగబోతున్నాను.

“ఉంచవే. నా పెన్షన్‌లోంచి ఇస్తాలే” అన్నారు మా అత్తగారు.