నాయన చిట్టాలో లేని 42 గంటలు

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పత్తి బోరాలు ఎన్ని వచ్చాయి, బేళ్ళు ఎన్ని పోయాయి, గింజలు ఎన్ని క్వింటాళ్ళు అని ముప్పై ఏళ్ళు రాశాడు. లెక్కలో అర్ధ రూపాయి తేడా వస్తే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. 2003లో రిటైరయ్యాక కూడా చేతికి రాత అలవాటు పోలేదు. పాలవాడి లెక్క, కరెంటు రీడింగు, చివరికి కంప్యూటర్లో ఆయన నడిపిన విమానాల లెక్క కూడా ఎర్ర అట్ట చిట్టా పుస్తకంలోకి ఎక్కేది.

విమానాల లెక్క ఏమిటని అడుగుతారు కదా. చెప్తా.

2004లో మా తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఇంటికో కంప్యూటర్ కొని తెచ్చాడు. దాంతో పాటు ఒక ఆట. నాలుగు సిడిలు, అన్నీ అసలువే. వెల విని అమ్మ, "దీంతో రెండు నెలల బియ్యం వచ్చేవి కదరా" అని గొణిగింది. ఆట పేరు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2004. రైట్ సోదరులు ఎగిరి నూరేళ్ళయిన సందర్భంగా 2003 జూలైలో విడుదల చేసిన ఆట అది. గెలవడం, ఓడడం, పాయింట్లు ఏమీ ఉండవు. విమానం తోలడమే. నాయనకు అందుకే నచ్చిందనుకుంటా.

ఆయన ఎప్పుడూ బేగంపేట నుంచే బయల్దేరేవాడు. ఎప్పుడూ డిసి-3 విమానమే. పని మీద హైదరాబాదు పోయినప్పుడల్లా బేగంపేట గోడ బయట నిలబడి విమానాలు చూసేవాడట. అక్కడ నుంచి బెంగుళూరుకు రెండు గంటలు. దోవలో కొంచెం పడమటికి తిప్పి, "ఇదో, ఆదోని మీద ఉండాం" అని కేకేసేవాడు. మేం పోయి చూస్తే గోధుమ రంగు, పచ్చ రంగు చదరాలు తప్ప ఏమీ ఉండేది కాదు. కొండ లేదు, కోట లేదు. అయినా తలూపేవాళ్ళం. దిగాక కళ్ళజోడు సవరించుకుని చిట్టాలో రాసేవాడు: తేదీ, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంతసేపు.

నాయన పోయి పన్నెండేళ్ళు దాటింది. పోయిన దసరాకు మా పుట్టింట్లో అటక దులుపుతుంటే ఆ సిడిల డబ్బా, ఎర్ర చిట్టా, కంప్యూటర్ పెట్టె మూడూ బయటపడ్డాయి. చిట్టా చివరి పేజీలో కింద రెండు గీతలు కొట్టి మొత్తం వేసి ఉంది: 186 గంటల 40 నిమిషాలు. ఎమ్మిగనూరు తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పుస్తకం ఒళ్ళోనే పెట్టుకున్నా. ఇంటికి రాగానే మా అబ్బాయిని అడిగా, "మీ తాత ఆట నీ కొత్త లాప్‌టాప్‌లో నడుస్తుందేమో చూడరా" అని. వాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పది నిమిషాల పని అన్నాడు. నాలుగు రోజులు పట్టింది.

మొదటి చిక్కు, లాప్‌టాప్‌కు సిడి పెట్టే చోటే లేదు. బయట తగిలించే డ్రైవ్ ఒకటి తెప్పించాం. నాలుగు సిడిలూ ఒకదాని తర్వాత ఒకటి తిన్నది, ఇన్‌స్టాల్ అయింది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో వేస్తే ఇప్పటి విండోస్ ఆ ఆటను తన ఫైళ్ళు తానే మార్చుకోనివ్వదట, అందుకని వేరే ఫోల్డర్ చేసి అందులో వేశాడు. బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే, ఏమీ రాలేదు. సిడి తీసి తుడిచి మళ్ళీ పెట్టాం. పాత విండోస్ లాగా నడువు అని చెప్పే సెట్టింగ్ ఒకటుంది, అదీ పెట్టి చూశాడు. ఊహూఁ.

దీని వెనక ఒక కథ ఉంది. వింటే మీకూ నవ్వొస్తుంది. ఆ రోజుల్లో సిడిలు కాపీ కొట్టకుండా సేఫ్‌డిస్క్ అని ఒక తాళం వేసేవాళ్ళు. అసలు సిడిలో మామూలుగా కాపీకి రాని గుర్తులు కొన్ని పెట్టేవారు. ఆట మొదలయ్యే ముందు, ఆ గుర్తులు ఉన్నాయా లేవా అని విండోస్‌లోనే ఉండే ఒక చిన్న ప్రోగ్రాం చూసి చెప్పాలి. అంటే గుమ్మం దగ్గర కాపలావాడు. 2007లో ఆ కాపలావాడిలోనే లోపం బయటపడింది. వాడిని అడ్డం పెట్టుకుని దొంగలు ఇంట్లోకి రావచ్చని తేలింది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు వాడిని పూర్తిగా తీసేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పాత విండోస్‌లలోనూ పనిలోంచి తప్పించారు. మంచికే చేశారు, కాదనను. కాని దాంతో ఏమైంది? డబ్బు పెట్టి అసలు సిడి కొన్నవాళ్ళ ఆటే ఆగిపోయింది. తాళం పగలగొట్టిన దొంగ కాపీ మాత్రం హాయిగా నడుస్తుంది. ఆటా మైక్రోసాఫ్ట్‌దే, విండోసూ మైక్రోసాఫ్ట్‌దే!

ఇంకో విచిత్రం చూడండి. ఈ ఆటకు మూలపురుషుడు బ్రూస్ ఆర్ట్‌విక్ అనే అమెరికా ఇంజినీరు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకునేటప్పుడే, విమానంలోంచి కనిపించే దృశ్యాన్ని కంప్యూటర్ తెర మీద గీయించడం ఎలా అని పరిశోధన చేశాడు. సబ్‌లాజిక్ అనే కంపెనీ పెట్టి 1980లో ఆపిల్ 2 కంప్యూటర్‌కు మొదటి ఆట తెచ్చాడు. నేల అంటే కొన్ని గీతలు, కొండ అంటే ఇంకో రెండు గీతలు. 1982లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఐబిఎం కంప్యూటర్‌కు తీసుకుంది. విండోస్ ఇంకా పుట్టలేదు అప్పటికి. ఐబిఎంకు నకళ్ళు తయారుచేసే కంపెనీలు బోలెడు బయల్దేరిన రోజులవి. కొత్త కంప్యూటర్ అచ్చం ఐబిఎం లాగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి రెండు ప్రోగ్రాములు నడిపి చూసేవారట. ఒకటి లెక్కలు వేసే లోటస్ 1-2-3, రెండోది ఈ విమానం ఆట. బంగారానికి గీటురాయి ఎట్లాగో కంప్యూటర్‌కు ఇది అట్లా. అటువంటిది ఇప్పుడు కొత్త కంప్యూటర్లు దీన్ని గడప తొక్కనివ్వడం లేదు.

సరే, మా సంగతికి వస్తా. ఏం చేయాలి? పాత విండోస్ ఎక్స్‌పిని లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్ లాగా నడిపే పద్ధతి ఉంది. అది చేశాడు గాని, అందులో బొమ్మలు ఎడ్లబండి మీద పోతున్నట్టు కదిలాయి. మిగిలిన దారి, ఆ సిడి తనిఖీ తీసేసిన ఫైలు ఒకటి నెట్‌లో దొరుకుతుంది, దాన్ని వాడటం. నాకు మనసొప్పలేదు. ఎవరు పెట్టారో తెలియదు, వైరస్ ఉంటుందేమోనన్న భయం ఒకటి, దొంగతనం కాదా అన్న బెంగ ఒకటి. "నాలుగు సిడిలూ మనవే కదమ్మా. సొంత ఇంటి తాళంచెవి పోతే తాళాలు తీసేవాణ్ణి పిలవమా?" అన్నాడు వాడు. నాయన ఉంటే ఏమనేవాడో అని ఒక పూట ఆలోచించా. ఇల్లు మనదైనప్పుడు తాళం తీయించుకోవడం తప్పు కాదనేవాడనే అనిపించింది. వైరస్ పరీక్ష రెండు రకాలుగా చేయించి సరే అన్నా.

తెరిచింది! కాని తెరంతా నిండుగా పెడితే పైన మెనూలు కనబడకుండా వణుకుతున్నాయి. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి చిన్న కిటికీలోకి మారిస్తే కుదురుగా నిలిచింది. బేగంపేట వచ్చింది. రన్‌వే మీద డిసి-3.

అది చూడగానే నాకు మాట రాలేదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి కదా. ఆ ఆటలో శంషాబాద్ అనేదే లేదు. బెంగుళూరుకు పోతే ఇంకా పాత హెచ్ఎఎల్ విమానాశ్రయమే. మన జిల్లాలో ఓర్వకల్లు దగ్గర 2021లో మొదలైన విమానాశ్రయం జాగాలో ఉత్త నేల. పాత పంచాంగం లాంటిది ఆ ఆట. ఈ రోజు తిథి దానిలో దొరకదు, కాని పుట్టిన రోజు చూడాలంటే అదే తీయాలి. మాకు అది 2003 పంచాంగం.

డిసి-3 గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాదు నుంచి నడిపింది ఈ విమానాలే. మనం డకోటా అనేది వీటినే. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్‌కు 1947లో లైసెన్సు వచ్చింది. ఎన్నో కంపెనీలు ఆడమనిషి అని కాదన్నాక చివరికి ఉద్యోగమిచ్చింది ఈ హైదరాబాదు కంపెనీయే. అయినా విమానానికి పెద్ద పైలట్‌గా మాత్రం కూర్చోనివ్వలేదు, పక్క సీటే. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట రన్‌వే మీద ఆ బొమ్మ విమానం కనబడినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆమే గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ ఆటలో లాగ్‌బుక్ అని ఒకటుంటుంది. మనం ఎన్ని గంటలు తోలామో అదే రాసుకుంటుంది. పాత కంప్యూటర్ నడవదు గాని, దాని హార్డ్ డిస్క్‌ను ఒక కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలిస్తే గరగరమని తిరిగి మా అదృష్టం కొద్దీ తెరుచుకుంది. డాక్యుమెంట్లలో ఆట తాలూకు ఫోల్డర్ అట్లాగే ఉంది. దాన్ని కొత్తదాంట్లోకి మార్చి లాగ్‌బుక్ తెరిస్తే నాయన విమానాలన్నీ వరసగా వచ్చాయి. మా అబ్బాయి మొత్తం కూడాడు. దాదాపు 229 గంటలు.

చిట్టాలో 186 గంటల 40 నిమిషాలు. తేడా 42 గంటల పైచిలుకు!

"తాత రాయడం మర్చిపోయుంటాడు" అన్నాడు వాడు. నాయన మర్చిపోవడమా? కూర్చుని చిట్టాకూ లాగ్‌బుక్‌కూ టిక్కులు పెట్టుకుంటూ పోయాం. నాయన రాసినవన్నీ సరిపోయాయి, ఒక్కటీ తప్పలేదు. మిగిలినవి వేరు. వాటిలో బేగంపేట లేదు, డిసి-3 లేదు. అన్నీ సెస్నా అనే చిన్న విమానం. అన్నీ ఒకే చోట ఎక్కి అదే చోట దిగినవి. ఆ చోటు పేరు నాలుగక్షరాల గుర్తు: కె సి జి ఎక్స్. మా అబ్బాయి వెతికాడు. "అమ్మా, ఇట్లాంటి విమానాశ్రయం ఇప్పుడు లేదు" అన్నాడు.

అది చికాగోలో మేగ్స్ ఫీల్డ్. సరస్సు ఒడ్డున, నగరం మేడల పక్కనే ఉండేదట. ఆర్ట్‌విక్‌ది ఇల్లినాయ్ రాష్ట్రం కాబట్టి ఎన్నో ఏళ్ళు ఈ ఆట తెరిస్తే విమానం నిలబడి ఉండేది అక్కడే. ప్రపంచంలో ఎంతోమంది మొదటిసారి ఎగిరింది ఆ రన్‌వే మీద నుంచి. 2003 మార్చి 30 రాత్రి ఆ నగర మేయర్ రిచర్డ్ డేలీ బుల్‌డోజర్లు పంపి, రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులుగా తవ్వించేశాడు. తెల్లారేసరికి అక్కడ నిలిపిన చిన్న విమానాలు కదలలేని స్థితి. ఇప్పుడు అదొక పార్కు. నాలుగు నెలల తర్వాత వచ్చిన మా సిడిలలో మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంది. 2006లో వచ్చిన తర్వాతి ఆటలో తీసేశారు.

మా తమ్ముడు చికాగో పోయింది 2005లో.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఆదోని పోయాం. అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వాళ్ళవ్వ పక్కన కూర్చుని మా అబ్బాయి ఊరికే అడిగినట్టు అడిగాడు, "అవ్వా, నువ్వు ఇమానం తోలేదానివంట కదా?" అని.

అమ్మ కాయలు కింద పెట్టలేదు. "ఎవురు చెప్పినారు?" అంది. తర్వాత మెల్లగా, "మీ మామ పోయే ముందు చూపిచ్చినాడు. ఇదో అమ్మా, ఈ నీళ్ళ ఒడ్డున ఉంటా అని. మీ తాత మధ్యాన్నం పడుకుంటే ఏముంది, పోయి ఒక చుట్టు తిరిగి వచ్చేదాన్ని."

"నాయనకు తెలుసా?" అన్నా నేను.

"ఆయనకు చెప్తే లెక్క రాస్తాడు" అంది.

ఇరవై ఏళ్ళయింది వాడు పోయి. అమ్మకు పాస్‌పోర్టు రెండుసార్లు తీశాం. ఒకసారి నాయనకు ఒంట్లో బాగాలేక, ఇంకోసారి ఆమె మోకాళ్ళ వల్ల ప్రయాణం కుదరలేదు. నిజం విమానం అమ్మ ఇంతవరకు ఎక్కలేదు. ఈ 42 గంటలూ ఒక్కొక్కటి పావుగంట, ఇరవై నిమిషాలు చొప్పున తిరిగినవే. అన్ని మధ్యాహ్నాలు పక్కగదిలో ఏం జరిగిందో ఈ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలియదు.

లాప్‌టాప్ ముందు కూర్చోబెడితే మొదట చెయ్యి పెట్టలేదు. తర్వాత పెట్టింది గాని విమానం కదల్లేదు. ఎఫ్4 నొక్కితే పూర్తి వేగం అందుకోవాలి, కొత్త లాప్‌టాప్‌లలో ఆ మీట నొక్కితే ఇంకేదో పని జరుగుతుంది, పక్కన ఇంకో మీట కూడా పట్టుకోవాలి. అంకెల మీటలు అసలే లేవు. అమ్మకు వేళ్ళు అలవాటైంది 8, 2, 4, 6 మీదే. ఆ సాయంత్రమే బజారులో వెతికి, విడిగా తగిలించే అంకెల పలక ఒకటి నాలుగొందలకు కొనుక్కొచ్చాడు మనవడు.

రాత్రి భోజనాలయ్యాక మేగ్స్ ఫీల్డ్ మీద సెస్నా పెట్టి ఇచ్చాం. అమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. ఎఫ్4 నొక్కింది. రన్‌వే చివరిదాకా పోయి విమానం లేచింది. సరస్సు ఒక వైపు, మేడలు ఒక వైపు. వేళ్ళు తడబడలేదు. ఎత్తుగా ఉన్న నల్ల మేడ దాటి ఎడమకు తిప్పి, గుంపులుగా ఉన్న చదరాల మీద కాసేపు తిరిగింది.

"ఇక్కడే యాడో ఉంటాడు" అంది. "ఇప్పుడు వాళ్ళకు పొద్దున కదా. ఫోన్ చెయ్యి, ఇంట్లో ఉండాడేమో."