నెత్తురునకు నీరుగంటి



నా చిన్ననాట మా మేనమామగారు తఱచుగా తలనొప్పితో బాధపడుచుండెడివారు. శొంఠి యరగదీసి పట్టు వేసికొని పండుకొనెడివారు. ఒకనాటి యుదయమున వారి మొగము ఉబ్బి, పాదములకు నీరు పట్టెను. పట్టణమునుండి వచ్చిన వైద్యుడు వారి దండకు పట్టీ చుట్టి రక్తపుపోటును కొలిచెను. పిమ్మట మూత్రమును పరీక్షింపవలెనని ఒక సీసా నడిగెను. మా యింటివారు విస్తుపోయిరి. "నొప్పి తలలో నున్నది గదా, ఈయన మూత్ర మడుగునేమి?" అని మా అత్తగారు మెల్లగా ననిరి. నాకు బదులు తెలియలేదు. ఆ బదులు చెప్పగలుగుటకు వైద్యలోకమునకే రెండువందల యేండ్లు పట్టినదని తరువాత చదివి తెలిసికొంటిని. ఆ కథనే నేడు మీకు మనవి చేయదలచితిని.

నెత్తురు పోటును కొలిచి చూపిన మొదటివాడు వైద్యుడు కాడు. ఆయన ఇంగ్లండు దేశపు క్రైస్తవ మతాచార్యుడు స్టీఫెన్ హేల్సు. ఒక ఆడుగుఱ్ఱపు తొడ ధమనిలో ఇత్తడిగొట్టము నుంచి, దానికి నిలువుగా గాజుగొట్టమును తగిలించెను. నెత్తురు అందులో 8 అడుగుల 3 అంగుళముల యెత్తునకు ఎగబ్రాకెను. 1733లో ఈ సంగతిని గ్రంథరూపమున ప్రకటించెను.

దాదాపు శతాబ్దము గడచెను. లండనులోని గయ్స్ ఆసుపత్రియందు రిచర్డు బ్రైటు అను వైద్యు డుండెను. ఒడలికి నీరు పట్టిన రోగుల మూత్రమును గరిటెలో పోసి దీపముపై కాచి చూచెను. కొందఱిది కోడిగ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టెను. అట్టివారు మరణించిన పిదప కోసి చూడగా వారి మూత్రపిండములు చెడియుండెను. 1827లో దీనిని ప్రకటించిన యాయన, 1836లో మఱియొక వింతను వ్రాసెను. ఆ రోగులలో పెక్కుమందికి గుండెయు పెరిగియుండెను. మూత్రపిండము చెడుటచే నెత్తురు మాఱి, సన్నని నాళములలో సాగుట కష్టమై, గుండె అధికముగా శ్రమింపవలసి వచ్చెనేమో యని ఊహించెను. దండకు పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనము అప్పటికి లేదు. అది ఇటలీ దేశీయుడగు రివా రోచ్చి వలన 1896లో వచ్చినది.

1898లో స్టాక్‌హోముయందు టీగర్‌స్టెడ్ అను నాచార్యుడును, ఆయన శిష్యుడు బెర్గ్‌మనును, కుందేటి మూత్రపిండమును నూఱి తీసిన రసమును వేఱొక కుందేటి రక్తమున కెక్కించిన సంగతిని ప్రకటించిరి. వెంటనే పోటు పెరిగెను. ఆ రసములోని పదార్థమునకు వారు రెనిన్ అని పేరిడిరి. కాని దీనిని పట్టించుకొన్నవారు అరుదు. ముప్పదియేండ్లకు పైగా అది మూలబడియుండెను. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండమునకు పోవు ధమనిని వెండి బిగింపుతో కొంత నొక్కి చూపెను. నెత్తురు తగ్గినది మూత్రపిండమునకు. పోటు పెరిగినది సర్వశరీరమునకు!

ఇది మన చెఱువు నీరుగంటి నెఱిగినవారికి సులభముగా తెలియును. నీరు తగ్గినచో అతడు తూము బిగించును, పెరిగినచో తెఱచును. మూత్రపిండముల పనియు నట్టిదే. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, దాదాపు అంతయు మరల నెత్తురునకే చేర్చి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే వెలికి విడుచును. పోటు హెచ్చినచో ఉప్పును నీటిని ఎక్కువగా విడుచును. తగ్గినచో రెనినును పంపును. దానివలన ఆంజియోటెన్సిన్ అను పదార్థము పుట్టి నాళములను బిగించును; ఉప్పును, దానితో నీటిని, ఒంటిలో నిలుపును. అయితే నీరుగంటి చెఱువును చూడక, తన యెదుటి పిల్లకాలువను మాత్రమే చూచెననుకొనుడు. ఆ కాలువ పూడి నీరు రాకున్నచో, చెఱువే యెండినదని తలచి తూము మూయును. నిండు చెఱువు మఱింత నిండును; కట్టకు ముప్పు. గోల్డ్‌బ్లాట్ కుక్కలయందు జరిగినది ఇదియే.

ఈ యెఱుక వలన మందులును పుట్టినవి. బ్రెజిలు దేశపు విషసర్పము యొక్క విషమును పరిశోధించుటచే దొరికిన ఆధారముతో, ఆంజియోటెన్సిన్ పుట్టుకను అడ్డగించు కాప్టోప్రిల్ అను మాత్రను చేసిరి. 1981లో అమెరికాలో దానికి అనుమతి లభించినది.

ఇందులో మనము మఱువరాని దొకటి కలదు. చెడిన మూత్రపిండము పోటును పెంచును. పెరిగిన పోటు మూత్రపిండమును చెఱచును. ఈ చక్రము తిరుగుచున్నంతకాలము నొప్పి లేకపోవచ్చును. మా మేనమామగారికి వైద్యుడు మందిచ్చి, ఊఱగాయ, అప్పడము మానుమనెను. వారు మూడు నెలలు పాటించిరి. "తలనొప్పి పోయినది గదా, ఇంక మందేల?" అని పిదప విడిచిరి. మఱుసటి వేసవిలో కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. ఆ వైద్యుని సీసా మా యింటి గూటిలో చాలకాల ముండెను.

కావున పెద్దలారా, బాధ లేకున్నను ఏడాది కొకసారియైన పోటును కొలిపించుకొనుడు. పోటుగాని మధుమేహముగాని కలవారు మూత్రమునుకూడ పరీక్ష చేయించుకొనుడు. దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ, ఉప్పు వాడుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వైద్యుడు సీసా యడిగినచో విస్తుపోక యిండు. ఆయన చూడగోరునది నీరుగంటి క్షేమమును.